రోగి శయ్య ప్రక్కన

మానవుడు సుఖంలో ఉన్నంతకాలం తన విశ్వాసం ఎంత లోతైనదో కొలిచి చూచుకోవలసిన అవసరం కలుగదు. బావిలో నీరు ఎంత ఉన్నదో వేసవిలోనే గదా తెలిసేది!

ఈ సంవత్సరం కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, అలవాటు ప్రకారం ప్రబంధ సాహిత్యాన్ని గురించో, వేమన లోకజ్ఞతను గురించో వ్రాద్దామని మొదట అనుకున్నాము. కాని గత సంవత్సరం మేము దీర్ఘకాలం సెలవులో ఉన్న సంగతి మా విద్యార్థులకు విదితమే. కారణం కూడా వారికి తెలియనిది కాదు. తిరిగి తరగతికి వచ్చిన మొదటి వారంలో, పాఠం ముగిసిన తరువాత, ఆఖరి సంవత్సరం విద్యార్థి ఒకడు మా వెంట వరండా దాకా వచ్చి, తటపటాయిస్తూ ఒక ప్రశ్న వేశాడు. "సార్, మీరు అన్నాళ్లూ దువా చేశారు గదా! దానివల్ల ఏమైనా జరిగిందా?"

ఆనాడు ఏదో తోచినది చెప్పి పంపివేశాము. అతని తల్లి కూడా అదే వ్యాధికి చికిత్స పొందుతున్నదని తరువాత తెలిసింది. మేము చెప్పినది సమాధానం కాదని మాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఈ వ్యాసం ఆ విద్యార్థికి మేము బాకీపడిన సమాధానం.

ముందుగా మా తప్పును చెప్పుకోవడం న్యాయం. పూర్వం మన పల్లెలలో రాచపుండు అని భయపడుతూ పలికిన వ్యాధి మా ఇంటికి చప్పుడు లేకుండా వచ్చింది. రొమ్ములో చిన్న గడ్డ ఉన్నదని మా శ్రీమతి రంజాను నెలకు కొన్నాళ్ల ముందే గమనించింది. సిగ్గుచేత కొన్ని వారాలు చెప్పలేదు. చెప్పిన తరువాత, నొప్పి లేదు గదా, పండుగ వెళ్లనిమ్మని మేమన్నాము. పండుగ వెళ్లిన తరువాత జవాబు పత్రాలు దిద్దే పని వచ్చింది. మూడు నెలలు ఇట్లా గడిచిపోయాయి. నొప్పి లేకపోవడం ఈ వ్యాధి విషయంలో ధైర్యానికి కారణం కాదని, నొప్పి లేని గడ్డనే ముందుగా చూపించుకోవాలని చదువుకున్న మాకు ఎవరో వచ్చి చెప్పవలసి వచ్చింది. హైదరాబాదులో వైద్యులు ముక్క తీసి పరీక్షించి, వ్యాధి చంకలోని గ్రంథులకు కూడా ప్రాకిందన్నారు. ఎన్నాళ్ల క్రిందట గమనించారని అడిగి, మేము చెప్పిన జవాబును తలవంచి వ్రాసుకున్నారు. వారు మందలించి ఉంటే కొంత తేలికపడేవారమేమో!

శస్త్రచికిత్స జరిగింది. తరువాత 21 రోజులకు ఒకసారి చొప్పున 8 పర్యాయాలు కీమోథెరపీ, ఆ పైన రేడియేషన్. ఆసుపత్రికి సమీపంలో, రోగుల బంధువులకు గదులు అద్దెకిచ్చే ఒక ఇంటిలో బస చేశాము. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో, భవభూతి కరుణాన్ని రసాలన్నిటికీ మూలంగా భావించాడని పరీక్షలో పుటలు పుటలుగా వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవారము మేము. తలగడ మీద రాలిన జుట్టును ఆమె లేవకముందే ఏరి కాగితంలో చుట్టి పెట్టే ఉదయాలలో ఆ వ్యాసం ఒక్క వాక్యం కూడా మాకు గుర్తుకు రాలేదు.

పరిచర్య అంటే మహత్కార్యమని దూరంనుండి చూచేవారు అనుకుంటారు. దగ్గరికి వస్తే అది చిన్న చిన్న పనుల మూట. నీళ్లు కాచి చల్లార్చాలి. పండ్లను కడిగి తొక్క తీసి ఇవ్వాలి. వాంతి పళ్లెం అందుబాటులో ఉంచాలి. మందు ఎక్కించిన వారం పది రోజులకు రక్తంలోని తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజులలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా ఆగరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని నర్సు మరీ మరీ చెప్పింది. అందుకని ఒక నోటు పుస్తకం కొన్నాము. ఎడమ పుటలో జ్వరం, మాత్రలు, తిన్న తిండి వ్రాసేవారము. కుడి పుటలో ఆ రోజు ఎన్ని రకాతులు అదనంగా చదివామో, ఏ దువా ఎన్నిసార్లు చేశామో వ్రాసేవారము. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతున్నది. అది కిరాణా కొట్టు ఖాతా వంటిది. ఇంత చెల్లించాము గనుక ఇంత సరుకు రావాలన్న లెక్క. రక్తపరీక్ష బాగుంటే దైవం మీద నమ్మకం పెరిగేది, బాగులేకపోతే తరిగేది.

మా గదికీ ప్రక్క గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గదిలో గుంటూరు జిల్లానుండి వచ్చిన క్రైస్తవ దంపతులు ఉండేవారు. ఆయన ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయులు. ఆమెకు అండాశయంలో క్యాన్సరు వచ్చి, తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. మేము ఆయనను మాస్టారని పిలిచేవారము. ప్రతి సాయంకాలం దీపాలు పెట్టే వేళకు ఆయన భార్య ప్రక్కన కూర్చుండి తెలుగు బైబిలులో ఒక అధ్యాయం చదివేవారు. ఆ కంఠం గోడ దాటి మా గదిలోకి వచ్చేది. మగ్రిబ్ నమాజు ముగించుకొని మా శ్రీమతి పడుకునే వింటూ ఉండేది. "ఆయన చదువుతుంటే నాకు కడుపులో తిప్పడం కొంచెం తగ్గుతుంది" అన్నది ఒకనాడు.

ఒక సాయంకాలం ఆ కంఠం వినబడలేదు. ఆ పగలే వైద్యులు, ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకువెళ్లి నొప్పి లేకుండా చూచుకొమ్మని చెప్పారట. పలకరిద్దామని వెళ్లాము. ఆమె నిద్రలో ఉన్నది. మాస్టారు ఆమె పాదాలు ఒత్తుతున్నారు. బైబిలు కిటికీలో మూసి ఉన్నది.

"ఇవాళ చదవలేదేమండీ మాస్టారూ?" అన్నాము.

"ఆయనతో మాట్లాడబుద్ధి కాలేదండీ, లెక్చరరు గారూ. కోపం వచ్చింది."

మాకు ఏమనడానికీ తోచలేదు. కొంతసేపటికి ఆయనే అన్నారు. "అలగడం కూడా ఇంట్లోవాళ్ల మీదే గదండీ! దారినపోయేవాడి మీద అలుగుతామా?" ఆ మాట అంటూనే రెండవ పాదం ఒళ్లోకి తీసుకున్నారు.

ఆ రాత్రి ఆయన మా చేతిలో ఒక పలుచని ఇంగ్లీషు పుస్తకం పెట్టారు. పేరు 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్'. రచయిత సి. ఎస్. లూయిస్. ఆ పుస్తకాన్ని రెండు రాత్రులలో చదివాము. దాని వెనుకనున్న జీవితాన్ని తరువాత తెలుసుకున్నాము. విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఇక్కడ కొంత వివరిస్తాము.

లూయిస్ 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్టులో జన్మించాడు. 1908లో, ఆయనకు తొమ్మిదేళ్ల వయస్సులో, తల్లి క్యాన్సరుతో మరణించింది. అమ్మ బ్రతకాలని ఆ బాలుడు ప్రార్థించాడు. బ్రతకలేదు. పెరిగి పెద్దవాడై నాస్తికుడైనాడు. ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యం బోధిస్తూ, 1931లో తిరిగి క్రైస్తవ విశ్వాసానికి వచ్చాడు. బాధ అనేది లోకంలో ఎందుకున్నదో తర్కబద్ధంగా వివరిస్తూ 1940లో ఒక గ్రంథమే వ్రాశాడు.

ఆయన జీవితంలోకి జాయ్ డేవిడ్‌మన్ అనే అమెరికన్ కవయిత్రి ఆలస్యంగా వచ్చింది. యూదు కుటుంబంలో పుట్టి, కమ్యూనిస్టుగా కొంతకాలం గడిపి, క్రైస్తవం స్వీకరించిన విదుషి. భర్తనుండి విడాకులు పొంది, ఇద్దరు కుమారులతో ఇంగ్లండులో నివసిస్తున్నది. ఆమె ఆ దేశంలో ఉండిపోవడానికి వీలుగా 1956 ఏప్రిల్‌లో ఇద్దరూ రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహం చేసుకున్నారు. అది కేవలం కాగితం మీది పెండ్లి. అదే సంవత్సరం అక్టోబరులో ఆమె ఇంట్లో పడిపోయింది. తొడ ఎముక విరిగింది. పరీక్షిస్తే ఎముకను క్యాన్సరు తినివేసిందని, రొమ్ములో కూడా ఉన్నదని తేలింది. పోగొట్టుకోబోతున్నప్పుడు గాని ఆమె తనకు ఎంత ఆత్మీయురాలో లూయిస్‌కు పూర్తిగా తెలిసిరాలేదు. చర్చి పద్ధతిలో వివాహం జరిపించమని కోరితే, ఆమె విడాకులు పొందిన స్త్రీ అన్న కారణంగా ఆక్స్‌ఫర్డు బిషప్పు అంగీకరించలేదు. చివరకు 1957 మార్చి 21న పీటర్ బైడ్ అనే మతగురువు ఆసుపత్రిలో ఆమె మంచం ప్రక్కనే పెండ్లి జరిపించి, ఆమె తల మీద చేతులుంచి ప్రార్థించాడు. వరుని వయస్సు 58 సంవత్సరాలు.

మరణించడానికే అన్నట్లుగా ఆమెను ఇంటికి తీసుకువచ్చారు. కాని ఎముక అతుక్కున్నది. ఆ సంవత్సరాంతానికి ఆమె లేచి నడిచింది. శస్త్రచికిత్సలు, రేడియేషన్ జరిగి ఉన్నాయి. ప్రార్థన కూడా జరిగి ఉన్నది. దేనివల్ల తగ్గిందని అడిగితే లూయిస్ ఏమన్నాడో గమనించదగినది. 1959లో ప్రార్థన ఫలాన్ని గురించి ఆయన వ్రాసిన వ్యాసంలో, పేరు చెప్పకుండా ఈ ఉదంతాన్నే ప్రస్తావించాడు. ఇది ప్రార్థన ఫలమేనని ఋజువు చేయబోలేదు. ప్రార్థన ఒక అభ్యర్థన, అభ్యర్థన అన్న తరువాత నిరాకరించబడవచ్చు; మీట నొక్కితే పనిచేసే యంత్రం కాదు అన్నది ఆయన వాదం. పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో యేసు, ఈ పాత్ర నానుండి తొలగించమని ప్రార్థించాడనీ, ఆ పాత్ర తొలగలేదనీ ఆయన గుర్తుచేశాడు.

ఆ సంవత్సరం అక్టోబరులోనే వ్యాధి తిరిగి బయటపడింది. 1960 ఏప్రిల్‌లో, అంత అనారోగ్యంలోనూ, ఆమె చిరకాల వాంఛ ప్రకారం దంపతులు గ్రీసు దేశం చూచి వచ్చారు. జులై 13న ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 45 ఏండ్లు.

బాధను గురించి గ్రంథం వ్రాసిన వ్యక్తి అప్పుడు తన గ్రంథాన్ని తెరిచి ఓదార్పు పొందలేదు. కొన్ని నోటు పుస్తకాలు తీసుకొని తన మనస్సులో ఉన్నదంతా వ్రాసుకున్నాడు. ఎంతో అవసరమైన వేళ దైవద్వారం తట్టితే మూసుకుపోయినట్లు తోచిందన్నాడు. దైవం లేడేమోనన్న భయంకన్నా, దైవం ఇటువంటివాడేమోనన్న భయం తనను పీడించిందన్నాడు. ఆ వ్రాతలనే 1961లో ఎన్. డబ్ల్యు. క్లర్క్ అన్న మారుపేరుతో ప్రకటించాడు. ఆయన దుఃఖానికి ఉపశమనంగా ఉంటుందని మిత్రులు ఆ పుస్తకాన్ని ఆయనకే పంపారట! 1963లో ఆయన మరణించిన తరువాతనే అది అసలు పేరుతో వెలువడింది. పుస్తకం చివరికి వచ్చేసరికి ఆ ద్వారం మూసి ఉన్నట్లు ఆయనకు తోచలేదు. తన ఆక్రోశమే చెవులను మూసివేసిందేమోనని అనుకున్నాడు. ప్రశ్నలకు సమాధానాలు మాత్రం దొరకలేదు. సమాధానాలు లేకుండానే ఆయన నిలబడ్డాడు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మాస్టారిని అడిగాము, "ఇంత బాధలో మిమ్మల్ని నిలబెట్టేది ఏమిటండీ?" అని. "నేను ఎవరిని పిలుస్తానో ఆయన కూడా నొప్పి పడ్డాడండీ. లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. సిలువ మీద ఎందుకు విడిచిపెట్టావని కేక వేశాడు. నొప్పి తెలియనివాడి దగ్గరికి వెళ్లడం లేదన్న ధైర్యం ఒకటి" అన్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మతాలన్నీ ఒకటేనని సభలలో సులభంగా అంటాము. మాస్టారి ధైర్యానికి మూలమైన ఆ సిలువ విషయంలో మా విశ్వాసం వేరు. హజ్రత్ ఈసా మాకు పూజనీయుడైన ప్రవక్త; అంతకుమించి మేము చెప్పము. ఆ తేడాను ఆయన ఎరుగుదురు, మేమూ ఎరుగుదుము. కాని ఆయన తన బావిలోనుండి నీరు తోడుకోవడం చూచిన తరువాత, మా పెరటి బావి మీది మూతను తొలగించి చూడవలెనన్న బుద్ధి మాకు కలిగింది.

చిన్ననాడు మదరసాలో విన్న రెండు సంగతులు అప్పుడు జ్ఞాపకం వచ్చాయి. అందమైన సహనం వహిస్తానన్న హజ్రత్ యాకూబ్ ప్రవక్తయే, కుమారుని కోసం దుఃఖించి దుఃఖించి చూపు పోగొట్టుకున్నాడు. తన వేదనను అల్లాహ్‌తోనే మొరపెట్టుకుంటానన్నాడు. సబర్ అంటే కన్నీరు కార్చకపోవడమని మేము ఇన్నాళ్లూ పొరబడ్డాము. రెండవది, క్రీ.శ. 624లో జరిగిన బదర్ యుద్ధం నాటి సంగతి. ప్రవక్త గారి కుమార్తె హజ్రత్ రుకయ్య వ్యాధిగ్రస్తురాలై మదీనాలో ఉన్నది. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్‌ను యుద్ధానికి రావద్దని, భార్యకు పరిచర్య చేస్తూ ఇంటనే ఉండమని ప్రవక్త ఆదేశించారు. విజయవార్త మదీనాకు చేరే వేళకు ఆమె ఇక లేదు. అయినా బదర్‌లో పోరాడినవారితో సమానంగా ఉస్మాన్‌కు భాగమూ, పుణ్యమూ ఇవ్వబడ్డాయి. ఎన్నోసార్లు విన్న కథ ఇది. మంచం ప్రక్కన కూర్చున్నవాడు కూడా యుద్ధరంగంలోనే ఉన్నాడన్న అర్థం మాత్రం అప్పుడే మనస్సుకు ఎక్కింది.

గుంటూరుకు రైలు టికెట్లు దొరికేదాకా మాస్టారు దంపతులు మరి నాలుగు రోజులు అక్కడనే ఉన్నారు. వారు ప్రయాణం కావలసిన రోజుకు ముందటి రాత్రి, సుమారు రెండు గంటల వేళ, తహజ్జుద్ నమాజు కోసం లేచాము. నాలుగవ పర్యాయం మందు ఎక్కించి అప్పటికి తొమ్మిది రోజులు. వజూ చేసి, చాప పరిచి, నిలబడబోతూ ఎందుకో ఆమె నుదుటి మీద చేయి వేశాము. కాలుతున్నది. చూస్తే 101 డిగ్రీలు. చాప అట్లాగే వదిలివేసి తలుపు తీశాము. ఆ చప్పుడుకు మాస్టారు లేచి వచ్చారు. ఇంటి యజమానురాలిని లేపి తన భార్య ప్రక్కన కూర్చుండబెట్టి, వీధి చివరిదాకా పరుగెత్తి ఆటో తెచ్చారు. మరణశయ్య మీద ఉన్న తన ఇల్లాలిని విడిచి, మా ఇల్లాలి కోసం ఆ వయస్సులో పరుగెత్తారు.

ఆసుపత్రిలో సెలైనుతోపాటు ఇంజెక్షన్లు మొదలైన తరువాత, సకాలంలో తెచ్చారని వైద్యుడన్నాడు. తెల్లవారుతుండగా మాస్టారు బయలుదేరుతూ, "మీ నమాజు మధ్యలో ఆగిపోయింది గదండీ. ఆటోలో నేను మా పద్ధతిలో కొంత ప్రార్థన చేశాను. అది కూడా కలుపుకోండి" అన్నారు.

జ్వరం తగ్గుతున్నప్పుడు మేము ఆమె చేయి పట్టుకొని, ఆ మూడు నెలల ఆలస్యాన్ని క్షమించమని మొదటిసారి నోరు తెరిచి అడిగాము. ఆమె కళ్లు తెరవకుండానే, "తప్పుల లెక్కలు తరువాత చూచుకుందురు గాని, ముందు ఆ మాత్ర ఇవ్వండి" అన్నది. మాత్ర ఇచ్చాము. ఆ నాటినుండి నోటు పుస్తకంలో కుడి పుట వ్రాయడం మానుకున్నాము. ఎడమ పుట మాత్రం కొనసాగించాము.

రెండు నెలల తరువాత మాస్టారు ఫోను చేశారు. ఆమె తన ఇంటిలో, తన మంచం మీదనే వెళ్లిపోయిందన్నారు. "మళ్లీ చదవడం మొదలుపెట్టానండీ. ఆ రాత్రి కూడా చదివాను. వింటూనే వెళ్లిపోయింది" అన్నారు. తరువాత మా శ్రీమతి రక్తపరీక్ష ఫలితం అడిగారు. ఆమె కోసం మేము దువా చేశాము. ఎంతసేపు చేశామో లెక్కపెట్టలేదు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాము. నాయనా, ప్రార్థనవల్ల జ్వరం రాకుండా ఆగలేదు. మాస్టారి భార్య బ్రతకలేదు. మా శ్రీమతికి చికిత్స పూర్తి అయినది. మూడు నెలలకు ఒకసారి పరీక్షకు వెళుతున్నాము. అంతకన్న ఎక్కువ చెప్పడానికి వైద్యులకూ వీలులేదు. కాని రాత్రి రెండు గంటలకు మమ్మల్ని లేపినది ఆ ప్రార్థనయే. పొరుగువాని తలుపు చప్పుడైతే మాస్టారిని లేపినది ఆయన విశ్వాసమే. రెండూ మమ్మల్ని ఒకే ఆటోలో, ఒకే ఆసుపత్రి గుమ్మం దగ్గరికి చేర్చాయి. ఆసుపత్రి మాని ప్రార్థన చాలునని సలహా చెప్పేవారు ఏ మతంలో ఉన్నా వారి మాట వినవద్దు. నీ తల్లికి స్వస్థత కలుగకపోతే నీ విశ్వాసం తక్కువైనందువల్లనని ఎవరైనా అంటే, అది కూడా వినవద్దు.

విద్యార్థులారా, మీ ఇంటిలో ఎవరైనా గడ్డ ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడుతుంటే, ఆ సిగ్గును పోగొట్టే మొదటి మాట మీరే అనండి. పండుగ వెళ్లనిమ్మని మావలె వాయిదా వేయకండి. పరిచర్య మీ వంతు వచ్చిననాడు అల్లాహ్ మీకు ఓర్పును ప్రసాదించుగాక! కోపం వస్తే ఆయనతోనే చెప్పుకోండి. చెప్పుకుంటూనే, మాస్టారివలె, రెండవ పాదం కూడా ఒళ్లోకి తీసుకోండి.